బ్యాంకు సొమ్మునకు కాపలా



విశాఖపట్టణపు రేవును చూచినవారు మీలో పెక్కుమంది యుందురు. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను నోడ వచ్చి యా రేవు తెరువబడినది. ఆ రేవులోనికి పెద్ద యోడ యేదియు తన యిష్టము వచ్చినట్లు చొరబడుటకు వీలులేదు. అనుమతి వచ్చువఱకు బయటి సముద్రములో నిలువవలెను. పిదప రేవువారి పైలటు పడవలో పోయి, ఓడ యెక్కి, డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న కాలువగుండ దానిని లోనికి నడిపించును. వేల టన్నుల సరకు మోయు నోడకైనను ఈ నియమము తప్పదు.

అంత పెద్ద యోడ కియ్యని స్వేచ్ఛను మనము టెలిఫోనులో వినబడు నొక గొంతుకకు ఇచ్చుచున్నాము. ఆ మనిషి యెవరో తెలియదు. ఏ యూరో తెలియదు. "బ్యాంకునుండి మాటలాడుచున్నాను" అని యన్నంతనే మన ఖాతా సంఖ్యయు, ఆధారు సంఖ్యయు, రహస్యాంకమును వానికి చెప్పివేయుచున్నాము. ఈనాటి దొంగ బ్యాంకు గోడకు కన్నము వేయుట లేదు. బ్యాంకు ఖజానా తలుపు గట్టిదని వాడెఱుగును. కావున ఖాతాదారుని చేతనే తలుపు తీయించుచున్నాడు. 2024వ సంవత్సర మొక్కదానిలోనే మన దేశమున ఇట్టి మోసములవలన ప్రజలు పోగొట్టుకొన్న ధనము 22,845 కోట్ల రూపాయలకు పైబడినదని కేంద్ర ప్రభుత్వము పార్లమెంటునకు లెక్క చెప్పినది. ఇందులో కూలి డబ్బులు కలవు, పంట డబ్బులు కలవు, ఉద్యోగ విరమణనాడు చేతికి వచ్చిన భవిష్యనిధి కలదు.

ఈ దొంగతన మెట్లు జరుగుచున్నదో, దాని నెట్లు అడ్డుకొనవలెనో నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా మన ఖాతాకు తాళపుచెవులెవ్వియో తెలిసికొందము. పూర్వము పాసుపుస్తకమును, చేవ్రాలును చూచి గుమాస్తా సొమ్ము ఇచ్చెడివాడు. ఖాతాదారుడు గుమాస్తా కెదురుగా నిలుచుండెడివాడు. ముఖము చూచి గుర్తుపట్టెడివాడు. నేడు ముఖముతో పనిలేదు. కార్డునకును, ఫోనుద్వారా సొమ్ము పంపుటకును పిన్ను అను రహస్యాంకము కలదు. లావాదేవి జరుగు సమయమున ఫోనునకు వచ్చి కొద్ది నిమిషములలో చెల్లిపోవు ఓ.టి.పి. యను మరియొక అంకె కలదు. ఆధారుతో ముడిపడిన మన వ్రేలిముద్ర కలదు. ఈ మూడును మూడు తాళపుచెవులు. ఇవి యెవని చేత నుండునో వాడే ఖాతాదారుడని యంత్రము నమ్మును. ఒకని పేరును, గుర్తును మరియొకడు దొంగిలించుట యనగా నిదియే.

ఇక దొంగ వేయు ఎత్తులు. వీనిలో నాలుగు ముఖ్యములు.

మొదటిది, "మీ ఖాతా నిలిచిపోవును" అను బెదిరింపు. మన ప్రాంతమున బ్యాంకుల పేర్లు ఈ మధ్య మారినవి. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసినది. మన పల్లెలలో పనిచేయుచుండిన గ్రామీణ వికాస బ్యాంకు శాఖలు 2025 మే 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో చేరినవి. ఇట్టి మార్పు జరిగినపుడు సామాన్యునకు కొంత తికమక సహజము. "మీ బ్యాంకు మరియొక బ్యాంకులో కలిసినది, కె.వై.సి. వివరములు ఈ సాయంకాలములోగా చెప్పనియెడల ఖాతా మూతపడును" అని ఫోనులో నొకడు చెప్పినచో నమ్మబుద్ధి వేయును. నమ్మవలదు. కె.వై.సి. కాగితములు తీసికొని మీరే మీ శాఖకు పొండు. పిన్నునుగాని, ఓ.టి.పి.నిగాని ఏ బ్యాంకు ఉద్యోగియు, మేనేజరుతో సహా, అడుగడు. అడుగుటకు వానికి హక్కు లేదు.

రెండవది, "మీకు సొమ్ము వచ్చినది" అను ఆశ. బహుమతి యనియు, ప్రభుత్వ సహాయ మనియు, పొరపాటున మీకు పంపితి ననియు చెప్పి, సొమ్ము అందుకొనుటకు పిన్ను నొక్కుమందురు. లేక గళ్ళ గుర్తు నొకదానిని పంపి ఫోనుతో చూడుమందురు. ఇచట నొక్క సూత్రము జ్ఞాపక ముంచుకొనుడు: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు, సొమ్ము ఇచ్చుటకే పిన్ను కావలెను. పిన్ను నొక్కితిరా, సొమ్ము మీ ఖాతానుండి పోవుచున్నదనియే యర్థము.

మూడవది, ఫోనులోనికి విషము పంపుట. బండి జరిమానా చీటి యనియు, రైతు సహాయ పథకపు జాబితా యనియు పేరు పెట్టి, చివర ఏ.పి.కె. యను నక్షరములు గల యొక దస్త్రమును వాట్సాపులో పంపుదురు. దానిని తెఱచి ఫోనులో నెక్కించుకొన్నచో, మీకు వచ్చు ఓ.టి.పి.లను దొంగ దూరమునుండియే చదువగలడు. మీరు నోరు విప్పకున్నను చెవి పోయినట్లే. ఇట్టి దస్త్రము తెలిసినవారి ఫోనునుండి వచ్చినను తెఱవవలదు. వారి ఫోను దొంగ వశమై యుండవచ్చును.

నాలుగవది యన్నింటికంటె క్రూరమైనది. దీనికి డిజిటల్ అరెస్టు అని పేరు పెట్టినారు. ఫోనులో పోలీసు దుస్తులు ధరించిన మనిషి కనబడును. వెనుక కార్యాలయపు గోడ, జెండా, నేతల పటములు నుండును. మీ పేర వచ్చిన పార్సెలులో మత్తుమందులు దొరికినవనియో, మీ ఆధారుతో ఖాతా తెఱచి దొంగసొమ్ము నడిపినారనియో చెప్పును. కెమెరా యెదుటనుండి కదలవలదనును. భార్యకుగాని బిడ్డలకుగాని చెప్పవలదనును. కొందఱు వృద్ధులు దినముల తరబడి తమ యింటిలోనే ఖైదీలై, దాచుకొన్నదంతయు పంపివేసినారు. హర్యానాకు చెందిన వృద్ధ దంపతులు తమకు జరిగిన యిట్టి యన్యాయమును తెలుపగా, 2025లో సుప్రీం కోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టి, ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన ఇట్టి కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది.

పెద్దలారా! ఫోనుద్వారా అరెస్టు చేయుట యనునది మన చట్టములో నెచటను లేదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయందలి 36వ సెక్షను ఏమి చెప్పుచున్నదో వినుడు. అరెస్టు చేయు పోలీసు అధికారి తన పేరు స్పష్టముగ కనబడు గుర్తును ధరించియుండవలెను. అరెస్టు చేసినట్లు కాగితము వ్రాయవలెను. దానిపై ఆ యింటివారైనను, ఆ యూరి గౌరవనీయులలో నొకరైనను సాక్షిగా సంతకము చేయవలెను. అనగా ఊరి పెద్దలగు మీవంటివారినే చట్టము సాక్షిగా పిలుచుచున్నది. ఎవరికిని చెప్పవలదని గుసగుసలాడువాడు పోలీసు ఎట్లగును? 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి మన్ కీ బాత్ రేడియో ప్రసంగములో ఈ మోసమును గూర్చి ప్రజలను హెచ్చరించి, ముందు ఆగుడు, పిదప ఆలోచింపుడు, ఆ తరువాత చేయవలసినది చేయుడని మూడు మెట్లు చెప్పినారు.

ఈ నాలుగు ఎత్తులును వేఱువేఱుగా కనబడుచున్నను వీని వేరు ఒక్కటియే. మొదట భయమో ఆశయో పుట్టింతురు. వెంటనే తొందర పెట్టుదురు. ఒంటరిని చేయుదురు. తొందరయు ఒంటరితనమును లేనియెడల ఈ దొంగ చేతిలో మరియొక ఆయుధము లేదు. కాబట్టి ఫోను పెట్టివేయుటయే మొదటి కాపలా. పెట్టివేసినందున మర్యాదకు లోపము లేదు. పిదప ఇంటిలోని యొకరితోనో, ప్రక్కయింటి చదువుకొన్న పిల్లవానితోనో, స్వయముగ బ్యాంకునకు పోయి మేనేజరుతోనో ముఖాముఖి మాటలాడుడు. బ్యాంకువారి సంఖ్య కావలసినచో పాసుపుస్తకముమీదనో, కార్డు వెనుకనో యున్నదానినే వాడుడు. వచ్చిన ఫోనులో వారు చెప్పిన సంఖ్యను నమ్మవలదు.

ఇక వ్రేలిముద్రను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసి యున్నది. పిన్ను పోయినచో మార్చుకొనవచ్చును. బొటనవ్రేలిని మార్చుకొనలేము గదా. ఆధారుతో నడచు చెల్లింపు పద్ధతిలో, బ్యాంకు మిత్ర తెచ్చు చిన్న యంత్రముమీద వ్రేలు పెట్టినచో ఓ.టి.పి. లేకయే సొమ్ము వచ్చును. చదువురాని వృద్ధులకు ఇది గొప్ప సౌకర్యము. అయితే దొంగలకును ఆ సంగతి తెలియును. 2018లో హైదరాబాదు పోలీసులు పట్టుకొన్న యొక సిమ్ముల వ్యాపారి, భూముల రిజిస్ట్రేషను దస్తావేజులమీది వ్రేలిముద్రలను చూచి రబ్బరు ముద్రలు చేసి, వానితో వేలకొలది సిమ్ములను ఇతరుల పేర పనిచేయించినాడు. మన తాతలు నమ్మకమునకు గుర్తుగా వేసిన వేలిముద్ర నేడు దొంగకు అచ్చుగా మారుచున్నది.

దీనికి మూడు జాగ్రతలు కలవు. యంత్రముమీద వ్రేలు పెట్టిన ప్రతిసారి రశీదు అడుగుడు. "ముద్ర పడలేదు, మరల పెట్టుడు" అన్నచో, పడలేదను రశీదును కూడ చూపుమనుడు. ఆధారు నకలు ఇయ్యవలసినచోట, చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు నకలును ఇచ్చుటకు వీలున్నది, దానినే ఇండు. మఱియు వ్రేలిముద్రకు తాళము వేయించుకొనవచ్చును. ఆధారు సేవా కేంద్రమునకు పోయినను, ఆధారువారి సాధనమును ఫోనులో పెట్టుకొన్నను ఈ పని జరుగును. సందేహములకు 1947 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అయితే వ్రేలిముద్రతో పింఛనుగాని, రేషనుగాని తీసికొనువారు ఆ దినమున తాళము తీయించుట మఱువరాదు.

ఇప్పుడు మనసునకు కష్టము కలిగించు నొక సంగతి చెప్పవలసి యున్నది. ఫోనులో మనలను మోసగించు గొంతుక యెవరిది? ఒక్కొక్కప్పుడు అది మన ప్రాంతపు బిడ్డదే కావచ్చును.

2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు కొందఱు ఏజెంట్లను అరెస్టు చేసినారు. విదేశములలో కంప్యూటరు ఉద్యోగములని ఆశచూపి, ఈ ప్రాంతపు నిరుద్యోగ యువకులవద్ద సొమ్ము తీసికొని, వారిని కంబోడియా దేశమునకు చేర్చి మోసగాండ్ర ముఠాల కప్పగించిరని కేసు. అచట పాసుపోర్టులు లాగుకొని, గదులలో నిర్బంధించి, భారతదేశములోని వారికే ఫోనులు చేయించి మోసములు చేయించిరని తిరిగివచ్చినవారు చెప్పినారు. ఆ మే నెల 20వ తేదీ ప్రాంతమున కంబోడియాలో సుమారు మూడువందలమంది భారతీయులు తమ్ము బంధించినవారిపై తిరుగబడిరి. కొలది దినములలోనే మొదటి జట్టు విశాఖ విమానాశ్రయమున దిగినది. ఇది మన యొక్క దేశపు వ్యాధి కాదు. 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము ప్రకటించిన నివేదిక ప్రకారము, కంబోడియాలో సుమారు లక్షమందియు, మయన్మారులో కనీసము లక్షా యిరువదివేలమందియు ఇట్లు నిర్బంధముగ మోసములు చేయుచుండిరి.

కావున ఊరి పెద్దలపై రెండు కాపలాలు కలవు: ఇంటి సొమ్మునకు ఒకటి, ఇంటి బిడ్డకు ఒకటి. ఏజెంటు విదేశపు కొలువు చూపినపుడు, వాడు ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ జాబితాలో నమోదైనవాడేనా యని విచారింపుడు. పర్యాటక వీసాతో ఉద్యోగమునకు పంపెద నన్నచో పిల్లవానిని కదలనీయవలదు. ఊరిలో నున్న పిల్లలకు కూడ నొక వల కలదు. "నీ పాసుపుస్తకము, కార్డు, సిమ్ము నాకిమ్ము, నెలకు కొంత అద్దె ఇచ్చెదను" అని యొకడు చెప్పును. ఆ ఖాతాగుండ పరాయి ముసలివారి కన్నీటి సొమ్ము పాఱును. పోలీసులు వచ్చినపుడు దొరకువాడు అద్దెకిచ్చిన పిల్లవాడే. సమాచార సాంకేతిక చట్టములోని 66-సి, 66-డి సెక్షనుల ప్రకారము ఇతరుల గుర్తును దొంగిలించినను, ఇతరుని వలె నటించి కంప్యూటరుద్వారా మోసగించినను మూడేండ్లవఱకు ఖైదును, లక్ష రూపాయలవఱకు జరిమానాయు కలవు. ఖాతాను అద్దెకిచ్చుట, ఇంటి తాళపుచెవిని దొంగకిచ్చి కూలి పుచ్చుకొనుటయే.

ఇంత జాగ్రతగా నున్నను ఒకప్పుడు పొరపాటు జరుగవచ్చును. అప్పుడేమి చేయవలెను? సొమ్ము పోయినదని తెలిసిన మరు నిమిషమున 1930 అను సంఖ్యకు ఫోను చేయుడు. ఇది సైబరు నేరముల ఫిర్యాదులకై దేశమంతటికిని ఏర్పఱచిన సంఖ్య. తొందరపడవలదని యింతవఱకు చెప్పిన నేనే, ఇచట మాత్రము తొందరపడుడని చెప్పుచున్నాను. కారణ మేమనగా, దొంగ మన సొమ్మును ఒకచోట నుంచడు. ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు, అచటినుండి వేఱొకదానికి మార్చుచు చివరకు నగదుగా తీయును. మన ఫిర్యాదు వేగముగ చేరినచో, దారిలోనున్న బ్యాంకు ఆ సొమ్మును నిలిపివేయగలదు. చెఱువు గండి పడినపుడు మొదటి గంప మన్ను పనిచేసినట్లు తెల్లవాఱినపిదప నూఱు బండ్ల మన్ను పనిచేయదు గదా!

తరువాత మీ బ్యాంకునకు ఫోను చేసి ఖాతాను నిలిపివేయుమని చెప్పుడు. శాఖకు పోయి వ్రాతమూలకముగ ఫిర్యాదిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొనుడు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6వ తేదీన ఈ విషయమై బ్యాంకుల కొక ఆజ్ఞ జారీచేసినది. బ్యాంకు లోపమువలన సొమ్ము పోయినచో ఖాతాదారునకు నష్టము రాకూడదు. బ్యాంకు తప్పుగాని, ఖాతాదారుని తప్పుగాని లేక మూడవవాని వలన పోయినచో, సమాచార మందిన మూడు పనిదినములలో తెలిపినవానికి బాధ్యత లేదు. నాలుగు మొదలు ఏడు దినములలోగా తెలిపినచో బాధ్యతకు హద్దు కలదు. తానే రహస్యాంకము చెప్పియుండినచో, తెలుపువఱకు పోయినది ఖాతాదారునిది. తెలిపిన పిదప పోయినది బ్యాంకుది. ఇట్టి నియమములు కాలానుసారముగ సవరింపబడుచుండును. కాని వీనియన్నిటి సారమును ఒక్కటియే: ఎంత త్వరగా చెప్పితిరో అంత మేలు.

ఇంత యేర్పాటున్నను పెక్కుమంది ఎందుకు చెప్పరు? సిగ్గువలన. "ఇంత వయసు వచ్చి, నలుగురికి తీర్పు చెప్పినవాడను, ఒక కుఱ్ఱవాని మాటకు మోసపోతినని యెట్లు చెప్పుదును?" అని పెద్దవాడు లోలోన కుమిలి యూరకుండును. ఆ మౌనమే దొంగకు రెండవ బహుమతి. మొదటిది మన సొమ్ము. రెండవది, అదే యెత్తుతో ప్రక్కయింటివానిని కూడ దోచుకొనుటకు అవకాశము. బ్యాంకు ఉద్యోగులును, చదువుకొన్న అధికారులును ఈ వలలో పడిరి. మోసపోవుట నేరము కాదు, మోసగించుటయే నేరము.

కనుక నా మనవి యిది. మీ ఊరి రచ్చబండయొద్ద ఈ సంగతులు ప్రస్తావింపుడు. ఎవరైనను మోసపోయి వచ్చి చెప్పినపుడు, "నీకు బుద్ధి లేదా?" అని గద్దింపక, "1930కి చేసితివా?" అని మొదట నడుగుడు. ఇంటి కోడండ్రతోను మనుమలతోను ఒక కట్టడి చేసికొనుడు: సొమ్మును గూర్చి యెవరు ఫోను చేసినను, ఇంటిలో రెండవ మనిషికి చెప్పకుండ ఏ పనియు చేయరాదు. పైలటు లేని యోడ రేవులోనికి రానట్లు, రెండవ మనిషి వినని మాట మన ఖాతా దగ్గరకు రాకుండుగాక.